డబ్బును దాటిన సమాజానికి దారి: నగదు పంపకమా, ధరల రద్దా, ఉమ్మడి సేవలా - ఏది మేలు?

వందేళ్లు గడిచేసరికి మనిషి వారానికి 15 గంటలు పని చేస్తే సరిపోతుందని ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో రాశాడు. ఆ గడువు తీరడానికి ఇక ఎంతో కాలం లేదు. సంపన్న దేశాల్లో తలసరి ఉత్పత్తి ఆయన ఊహించినట్టే అనేక రెట్లు పెరిగినా, పని గంటలు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. యంత్రం ఆదా చేసిన సమయంలో కొంత లాభంగా మారి యజమానికి చేరింది, కొంత మరిన్ని వస్తువులు తయారు చేయడానికీ, వాటిని జనం చేత కొనిపించడానికీ ఖర్చయింది. కాబట్టి ఆటోమేషన్ పెరిగితే డబ్బు ప్రాబల్యం దానంతటదే పోతుందని ఆశించడానికి ఆధారం లేదు. యంత్రాల ఫలం ఏ దారిలో అందరికీ చేరాలన్నది మనం ఎంచుకోవలసిన విషయం. ప్రధానంగా మూడు దారులు చర్చలో ఉన్నాయి.

మొదటిది, డబ్బును అలాగే ఉంచి అందరికీ కొంత పంచడం. దీన్నే సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నారు. ఫిన్లాండ్ ప్రభుత్వం 2017, 2018 సంవత్సరాల్లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోల చొప్పున, పని వెతకాలన్న షరతు లేకుండా ఇచ్చి చూసింది. ఊరికే డబ్బు వస్తే జనం సోమరులవుతారన్న భయం అక్కడ నిజం కాలేదు. వాళ్లు పని చేసిన రోజులు కాస్త పెరిగాయే గానీ తగ్గలేదు, మిగతా నిరుద్యోగులతో పోలిస్తే వాళ్లలో మానసిక ఒత్తిడి కూడా తక్కువగా కనిపించింది. ఈ ఫలితాన్ని నేను చిన్నదిగా చూడను, ఎందుకంటే రేపు ఎలా గడుస్తుందన్న దిగులు లేకుండా నిద్రపోగలగడం కన్నా పెద్ద స్వేచ్ఛ పేదవాడికి మరొకటి లేదు. అయినా ఈ దారిలో యంత్రాలు ఎవరి సొంతమో వారి సొంతంగానే ఉండిపోతాయి, మనిషి కొనుగోలుదారుగానే మిగులుతాడు. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోనూ గలదు. అలాస్కా రాష్ట్రం చమురు ఆదాయంతో 1976లో ఒక శాశ్వత నిధి ఏర్పాటు చేసి, 1982 నుంచి ఏటా నివాసులందరికీ వాటా పంచుతోంది. 2016లో బడ్జెట్‌కు కష్టకాలం వచ్చినప్పుడు గవర్నర్ తన అధికారంతో ఆ వాటాను దాదాపు సగానికి తగ్గించారు.

రెండో దారి డబ్బునూ ధరలనూ పూర్తిగా తీసివేసి, ఏది ఎంత తయారు కావాలో, ఎవరికి ఎంత చేరాలో కంప్యూటర్ల లెక్కకు వదిలివేయడం. అమెరికాలో జాక్ ఫ్రెస్కో అనే డిజైనర్ 2017లో మరణించే వరకూ ఇటువంటి వనరుల ఆధారిత వ్యవస్థ కోసమే నగరాల నమూనాలు గీశాడు. చిలీలో 1971లో మొదలైన సైబర్‌సిన్ ప్రాజెక్టు ధరలను రద్దు చేయలేదు గానీ, జాతీయం చేసిన కర్మాగారాల సమాచారాన్ని, టైపు చేసిన సందేశాలను తీగల మీద పంపే టెలెక్స్ యంత్రాల ద్వారా ఒకచోటికి చేర్చి ఉత్పత్తిని నడపాలని చూసింది. 1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మెకు దిగినప్పుడు, ఏ సరుకు ఎక్కడ ఆగిందో, ఏ దారి తెరిచి ఉందో ఆ టెలెక్స్‌ల ద్వారానే తెలుసుకుని, మిగిలిన లారీలను అవసరమైన చోటికి మళ్లించారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో జరిగిన సైనిక కుట్రతో ఆ ప్రయత్నం ముగిసింది.

ఈ దారికి అసలు చిక్కు కంప్యూటర్ల శక్తిలో లేదు. ధర అనేది లాభాపేక్షకు పనిముట్టు మాత్రమే కాదు, ఎవరికి ఏది ఎంత ముఖ్యమో చెప్పే సమాచారం కూడా. ఆ సమాచారం చాలావరకు మనుషుల మనసుల్లో ఉంటుంది, ఎంచుకోవలసి వచ్చినప్పుడే బయటపడుతుంది. ఇది తేటగా కనిపించేది పేదలకు ఆహారం అందించే అమెరికా ఆహార బ్యాంకుల అనుభవంలో. దానంగా వచ్చిన ఆహారాన్ని జాతీయ సంస్థ చాలాకాలం వరుస క్రమంలో ఆహార బ్యాంకులకు కేటాయించేది. బంగాళాదుంపలు గుట్టలుగా ఉన్న చోటికి మళ్లీ బంగాళాదుంపలే రావచ్చు, అక్కడ నిజంగా కొరతగా ఉన్నది మరొకటి కావచ్చు. 2005లో ఆ పద్ధతి మార్చి, ప్రతి ఆహార బ్యాంకుకూ దాని పరిధిలోని పేదల అవసరాన్ని బట్టి కొన్ని యూనిట్లు ఇచ్చి, కావలసిన సరుకు కోసం వాటితో వేలం పాడుకొమ్మన్నారు. ఏ రోజు ఖర్చయిన యూనిట్లు ఆ రోజు మళ్లీ ఆహార బ్యాంకులన్నిటికీ పంపిణీ అవుతాయి. వాటిని వడ్డీకి తిప్పడానికి లేదు, వాటితో మరొకరి శ్రమను కొనడానికీ లేదు. డబ్బు చేసే పనుల్లో సమాజానికి అవసరమైన దాన్ని ఉంచుకుని, మనిషిని మనిషికి లోబరిచే దాన్ని వదిలించుకోవచ్చని నాకు రుజువుగా కనిపించింది ఈ ఏర్పాటే.

మూడో దారి నిత్యావసరాలను ఒక్కొక్కటిగా డబ్బు పరిధి నుంచి బయటకు తేవడం. బ్రిటన్‌లో 1948 నుంచి చాలావరకు ఉచితంగా వైద్యం చేసే జాతీయ ఆరోగ్య సేవ ఉంది, లక్సెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రైళ్లలో సాధారణ తరగతి ప్రయాణానికి టికెట్ లేదు. వికీపీడియాలో చదువరి దగ్గర రుసుము తీసుకోరు, వ్యాసాలు రాసేవారు దాదాపు అందరూ జీతం ఆశించని స్వచ్ఛంద సేవకులే. ఇక్కడ ఖర్చు మాయం కాదు, పన్నుల ద్వారానో విరాళాల ద్వారానో శ్రమ ద్వారానో అందరూ భరిస్తారు. వాడుకునే క్షణంలో మాత్రం జేబు తడుముకోవలసిన పని ఉండదు. వస్తు వ్యామోహానికి మందు కూడా నాకు ఈ దారిలోనే కనిపిస్తోంది. 1920లలో ఫీబస్ అనే కార్టెల్‌గా, అంటే పోటీ మానుకుని కుమ్మక్కైన కూటమిగా, ఏర్పడిన బల్బుల కంపెనీలు బల్బు ఆయుష్షును సుమారు 1,000 గంటలకు కుదించి, అంతకన్నా ఎక్కువసేపు వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా వేశాయి. మళ్లీ అమ్ముకోవలసిన అవసరం ఉన్నంతకాలం యంత్రం ఎంత తెలివైనదైనా త్వరగా పాడయ్యే వస్తువు చేయమన్న ఆదేశాన్నే అమలు చేస్తుంది. అమ్మకం మీద ఆధారపడని ఉమ్మడి సంస్థకు ఎక్కువ కాలం మన్నే వస్తువు చేయడమే లాభసాటి.

ఈ దారిలో నిరీక్షణ జాబితాలు ఉంటాయి, నిధుల కోత భయమూ ఉంటుంది. మంచాన పడ్డ మనిషికి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, కాసేపు మాట్లాడే పనిని యంత్రానికి అప్పగించాలని కూడా నేను కోరుకోను. అటువంటి పని చేసేవారికి గౌరవం, విశ్రాంతి, మిగతా వారికన్నా తక్కువ గంటలు దక్కాలి. కీన్స్ లెక్కగట్టిన ఆ 15 గంటలు మొదట రావలసింది వాళ్లకే.

అందుకే నా ఎంపిక మూడోది. ఉమ్మడి సేవలు విస్తరించే వరకు మధ్యకాలపు ఆసరాగా మొదటి దారిని వాడుకోవాలి, రెండో దారి నుంచి కంప్యూటర్ లెక్కలను తీసుకోవాలి. వైద్యం, ప్రయాణం, చదువు, సమాచారం ముందుగా డబ్బు నుంచి బయటపడగలవు, ఎందుకంటే ఒకరు వాడుకున్నంత మాత్రాన మరొకరికి అందకుండా పోయేది వాటిలో తక్కువ. భూమి సంగతి వేరు, దాన్ని ఏ యంత్రమూ తయారు చేయలేదు. వియన్నా నగర పాలక సంస్థ 1920ల నుంచి కడుతూ వచ్చి ఇప్పుడు సుమారు 2,20,000 ఫ్లాట్లను తన ఆస్తిగా ఉంచుకుంది కాబట్టి అక్కడ చాలామందికి అద్దె భారం తగ్గింది. అయినా అందరూ కోరుకునే వీధిలో అందరికీ ఇల్లు దొరకదు. నీళ్ల పక్కన ఇల్లు ఎవరికి, బడికి దగ్గరి ఇల్లు ఎవరికి అన్నది తేల్చేటప్పుడే, ఆహార బ్యాంకుల యూనిట్ల లాంటి, వడ్డీకి తిప్పడానికి వీల్లేని లెక్క మనకు అవసరమవుతుంది.