స్టేజీ మీద నుంచి చూస్తే: కొండాపూర్‌లో ఒక రూఫ్‌టాప్ పబ్బు

రేటింగ్ ముందే చెప్పేస్తాను. సౌండ్‌కు ఐదుకు నాలుగున్నర, తిండికి మూడు, సర్వర్ పిల్లల సర్వీసుకు ఐదు, స్మోకింగ్ రూముకు ఒకటి. ఆ ఒకటైనా దానికి తలుపంటూ ఉన్నందుకు.

పబ్బు పేరు రాయడం లేదు. నేను అక్కడ పాడతాను, పేరు రాస్తే వచ్చే నెల నా శనివారం వేరే బ్యాండుకు పోతుంది. కొండాపూర్‌లో ఆఫీసు టవర్ల పక్కనే, పైన మడిచే కప్పు, తెలుగు బ్యాండ్ నైట్ రోజున లిఫ్టు దగ్గర క్యూ. ఆ వైపు తిరిగేవాళ్లకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పబ్బుల రివ్యూలు ఎప్పుడూ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లే రాస్తుంటారు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అక్కడ నిలబడి పనిచేసే మనిషికి ఆ చోటు ఎలా ఉంటుందో కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

ముందు మంచి. చాలా పబ్బుల్లో బ్యాండుకు మానిటర్లు, అంటే మా పాట మాకు వినిపించే స్పీకర్లు, మొక్కుబడిగా పెడతారు. నా గొంతు నాకే వినపడదు, దాంతో అరవాల్సి వస్తుంది, రెండో సెట్‌కల్లా గొంతు బొంగురు. ఇక్కడ అలా కాదు. సౌండ్ చూసే అబ్బాయికి పని తెలుసు. ఆరున్నరకు సౌండ్ చెక్ అంటే ఆరున్నరకల్లా కేబుళ్లు వేసి ఉంటాయి. తొంభైల పాటల మెడ్లీ ఎత్తుకుంటే వెనక టేబుళ్ల దాకా పదాలు స్పష్టంగా వెళ్తాయి. హైదరాబాద్‌లో ఈ మాట చెప్పగలిగిన చోట్లు తక్కువే.

తిండి సంగతి తొందరగా ముగిస్తాను. గుంటూరు చికెన్ అని పెట్టినదాంట్లో గుంటూరు లేదు, టమాటా సాస్ ఉంది. కరివేపాకు రొయ్యలు వేడిగా వస్తే బ్రహ్మాండం, చల్లారితే రబ్బరు. పబ్బుకొచ్చి బిర్యానీ ఎందుకు తింటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆర్టిస్టులకు వెనక పెట్టే పప్పన్నం, ఆమ్లెట్ మెనూలో ఉన్న సగం ఐటమ్స్ కంటే నయం.

ఇక స్మోకింగ్ రూము. బారుకు కుడివైపు, వాష్‌రూములకు వెళ్లే దారిలో ఉంటుంది. పదిమంది నిలబడేంత అద్దాల గది. ఇలాంటి గది పెట్టుకోవడం తప్పేమీ కాదు. 30 సీట్లు, ఆ పైన ఉన్న రెస్టారెంట్లు విడిగా పొగ గది పెట్టుకోవచ్చని 2003 నాటి పొగాకు చట్టమే వెసులుబాటు ఇచ్చింది. పబ్బులు, బార్లు కూడా ఆ రెస్టారెంట్ల లెక్కలోకే వస్తాయని 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెప్తున్నాయి. కాకపోతే గది ఎలా ఉండాలో కూడా వాటిలోనే రాసి ఉంది. నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు ఉండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, మిగతా హాల్లోకి రాకూడదు.

ఇక్కడ గోడలు ఉన్నాయి. తలుపుకు క్లోజర్ కూడా ఉంది, కానీ శనివారం రాత్రి తొమ్మిది దాటాక జనం వస్తూ పోతూ ఉంటారని ఎవరో ఒకరు బార్ స్టూల్ అడ్డం పెట్టేస్తారు. ఫ్యాను మోత ఎక్కువని ఒక్కోసారి ఆపేస్తారు. మా డ్రమ్మర్ దగ్గర ఒక చిట్కా ఉంది. టిష్యూ పేపర్ సన్నగా చింపి తలుపు సందులో పట్టుకోవాలి. పేపర్ గదిలోకి లాగినట్టు వంగితే ఫ్యాను పనిచేస్తున్నట్టు, మన ముఖం వైపు ఊగితే గదిలోది మన ఊపిరితిత్తుల్లోకి వస్తున్నట్టు. ఇక్కడ చాలాసార్లు మన వైపే ఊగుతుంది. మా డ్రమ్మర్ స్వయంగా రోజుకు అరపెట్టె కాలుస్తాడు, అయినా ఈ పరీక్ష చేసేది అతనే. ఆ గదిలోకి మాత్రం పోడు, లిఫ్టు దిగి రోడ్డు మీద కాల్చి వస్తాడు. "అందులో నిలబడితే నాది కాక ఇంకో తొమ్మిదిమందిది కూడా కాల్చినట్టుంటది" అంటాడు.

నాకు అసలు కోపం తలుపు మీద కాదు. ఆ గదిలో గ్లాసులు పెట్టుకునే అరలు ఉన్నాయి, డ్రింకులు లోపలికే తెస్తారు. స్మోకింగ్ గదిలో ఏ సర్వీసూ చేయకూడదని 2017లో నిబంధన సవరించారు. అంటే పొగ తాగాలనుకున్నవాళ్లు లోపలికి వెళ్లి తాగి రావచ్చు గానీ, వాళ్ల కోసం పనివాడిని లోపలికి పంపకూడదు. ఇక్కడ ఒక పిల్లాడు రాత్రంతా ఆ తలుపు తోసుకుని లోపలికీ బయటికీ తిరుగుతుంటాడు. పలాస దగ్గరి ఊరు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఒకరోజు షో అయ్యాక అడిగాను, ఇబ్బందిగా లేదా అని. "మా మామ్మ అడ్డపొగ తాగుతాది అక్కా, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. చిన్నప్పట్నుంచి ఆ వాసన అలవాటే. కానీ ఈ గదిలో కళ్లు మండిపోతాయి" అన్నాడు. మేనేజర్‌కు చెప్పావా అంటే నవ్వాడు.

అక్కడికి వచ్చే జనం మనసుల్లో ఏముందో స్టేజీ మీద నుంచి బాగా కనిపిస్తుంది. ఒక టీమ్ లీడ్ గారున్నారు, మాకు రెగ్యులర్. ఆయన ఆఫీసు పక్క టవర్లోనే. పగలు సిగరెట్ కావాలంటే తొమ్మిదో అంతస్తు నుంచి దిగి, గేటు దాటి, టీ బండి దగ్గర ఎండలో నిలబడి కాల్చి, మళ్లీ బ్యాడ్జి ఊపి పైకి వెళ్తాడు. ఏళ్ల తరబడి ఇదే వరస. సెక్యూరిటీ గార్డుతో ఒక్కసారి కూడా గొడవ పడి ఉండడు. అదే మనిషి రాత్రికి ఇక్కడ టేబుల్ దగ్గరే వెలిగించి, సర్వర్ వచ్చి వద్దంటే "బాస్, వీకెండ్ కదా" అంటాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆఫీసులో పక్క సీటువాళ్లు పనిచేస్తున్నారని ఆయనకు తెలుసు. ఇక్కడ మాత్రం అందరూ తనలాగే సరదాకి వచ్చారనుకుంటాడు. ట్రే పట్టుకున్న పిల్లాడు, బార్ వెనక అమ్మాయి, వాష్‌రూము తుడిచే ఆమె, మైకు ముందు నేను... మా ఆఫీసు ఇదేనని ఆయనకు తట్టదు.

2008 నిబంధనల్లో వర్క్‌ప్లేస్ కూడా బహిరంగ స్థలమే, పబ్బు కూడా బహిరంగ స్థలమే. మా విషయంలో రెండూ ఒకటే. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ చేయించిన పొగాకు సర్వేలో, నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో నూటికి 30 మంది పనిచోట పక్కవాళ్ల పొగ పీలుస్తున్నట్టు తేలింది. ఆ లెక్కలో అందరూ పబ్బులవాళ్లే ఉండరు. కానీ పబ్బులవాళ్లు ఎక్కడుంటారో ఊహించడం కష్టం కాదు.

డబ్లిన్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు ఈ గది ఫొటో చూసి ఆశ్చర్యపోయాడు. అక్కడ 2004 మార్చి 29 నుంచి పబ్బు లోపల పొగ గది అనే మాటే లేదు. పనిచోట్లన్నిటిలో, పబ్బులతో సహా, దేశమంతటా పొగ నిషేధించిన మొదటి దేశం ఐర్లండే. పబ్బులకు పేరు పడ్డ దేశం! వ్యాపారం పోతుందని పబ్బు యజమానులు గట్టిగానే ఎదురు తిరిగారు. అప్పటి ఆరోగ్య మంత్రి మీహాల్ మార్టిన్ మాత్రం దీన్ని పొగ తాగేవాళ్ల మీద చట్టంగా కాక, పనివాళ్ల ఆరోగ్యం చట్టంగా ముందుకు తెచ్చాడు. అప్పట్లో జరిమానా 3,000 యూరోల దాకా. బయట వరండాలో కాల్చుకోవచ్చు, కానీ పైన కప్పుంటే చుట్టూ గోడలు సగానికి మించకూడదు. మూడేళ్లకు, 2007 జూలై 1న, ఇంగ్లండ్ కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు వాళ్లు వానలో గొడుగు పట్టుకుని మరీ బయటికి వెళ్లి కాల్చొస్తారట, దాని మీద ఎవరూ చర్చ కూడా పెట్టరట.

మన దగ్గర జరిమానా 200 రూపాయలు. ఈ పబ్బులో ఆ డబ్బుకు ఒక బీరు కూడా రాదు.

ఆ సగం గోడల లెక్క విన్నాక మా రూఫ్‌టాప్ గుర్తొచ్చింది. మేనేజర్ దాన్ని ఓపెన్ ఎయిర్ అంటాడు. మూడు వైపులా నిలువెత్తు అద్దాలు, వాన మబ్బు కనిపిస్తే కప్పు మూసేస్తారు. అప్పుడు ఓపెన్ ఏదీ, ఎయిర్ ఏదీ? జూలై, ఆగస్టుల్లో అయితే కప్పు తెరిచిన రాత్రే అరుదు. టేబుళ్ల మీద యాష్‌ట్రే మాత్రం పెట్టరు, అది నేరమని వాళ్లకు తెలుసు. అడిగితే తడి టిష్యూ వేసిన చిన్న గిన్నె తెచ్చిస్తారు.

కప్పు మూసిన ఒక శనివారం ముందు వరస టేబుల్ నుంచి పొగ నేరుగా నా మైకు మీదికి వస్తోంది. పాట మధ్యలో దగ్గు వస్తే గాయనికి ఎంత నామోషీనో చెప్పలేను. పాట అయ్యాక మైకులోనే అన్నాను, "కప్పు మూసి ఉంది, సిగరెట్లు ఆర్పితే మీరడిగిన పాట పాడతాను" అని. చప్పట్లు కొట్టారు. హాలంతా. కాలుస్తున్న టేబుల్లో కూడా ఇద్దరు కొట్టారు. ఒకాయన మాత్రం, "పబ్బుకొచ్చి పొగ వద్దంటే ఎట్లా మేడమ్, గుడికి పోండి" అన్నాడు. నేను పాట ఎత్తుకున్నాను. పొగ వద్దనేవాళ్లు ఆ హాల్లో ఎప్పుడూ ఎక్కువమందే, కానీ నోరు తెరిచి చెప్పరు. కావాలనేవాడు ఒక్కడే ఉన్నా గట్టిగా అడుగుతాడు. మేనేజర్‌కు వినపడేది ఆ ఒక్కడి గొంతు, కనపడేది ఆ ఒక్కడి బిల్లు.

ఈ మధ్య వేప్ గోల ఒకటి. 2019 నుంచి దేశంలో ఈ-సిగరెట్ అమ్మకమే నిషేధం, అయినా వాష్‌రూములో మామిడిపండు వాసన. "ఇది పొగ కాదండీ" అని వాదన కూడా. హుక్కా అయితే పోయింది, 2024 ఫిబ్రవరిలో తెలంగాణ హుక్కా పార్లర్లనే నిషేధించింది. బొగ్గుల కంపు వదిలింది.

నన్ను ఎవరైనా పొగాకు వ్యతిరేకి అనుకుంటే మా ఊళ్లో నవ్వుతారు. మాది ఒంగోలు దగ్గర పల్లె. మా నాన్నకు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండు. టంగుటూరు వేలంలో బేళ్లు మంచి రేటుకు పోయిన ఏడాదే నాకు హార్మోనియం కొన్నాడు. నేను నేర్చుకున్న సంగీతమంతా ఆకు అమ్మిన డబ్బే. కాబట్టి ఎవరు మానాలో ఎవరు కాల్చాలో నేను చెప్పను. కానీ పొగ తాగకూడదన్న మాట నేను మొట్టమొదట విన్నది కూడా ఆ పొగాకు బ్యారన్ దగ్గరే. క్యూరింగ్ రోజుల్లో కూలీలెవరైనా చుట్ట తీస్తే నాన్న ఊరుకునేవాడు కాదు. ఎండిన ఆకు మీద ఒక్క రవ్వ పడితే ఏడాది కష్టం బూడిదే. అందరూ చుట్ట తాగేవాళ్లే, ఒక్కరు కూడా నొచ్చుకునేవాళ్లు కాదు. లేచి కళ్లం అవతలికి వెళ్లి కాల్చుకుని వచ్చేవాళ్లు.

కెనడాలో, అటావాలో, హెదర్ క్రో అని ఒకావిడ ఉండేది. నలభై ఏళ్ల పైన హోటళ్లలో సర్వర్‌గా పనిచేసింది. జీవితంలో సిగరెట్ ముట్టలేదు. 2002లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించి పనివాళ్ల నష్టపరిహారం ఇచ్చారు. మిగిలిన కాలమంతా ఊరూరా తిరిగి, పనిచోట పొగ వద్దని చెప్తూ 2006లో పోయింది. పలాస పిల్లాడు ఆ స్టూల్ జరిపి లోపలికి వెళ్లినప్పుడల్లా నాకు ఆవిడే తడుతుంది.

మేనేజర్‌కు ఇవన్నీ చెప్పకుండా రాయడం లేదు. స్టూల్ తీసేయించండి, ఫ్యాను ఆపొద్దు, లోపల గ్లాసుల అరలు పీకేయండి, ఖాళీ గ్లాసులు ఎవరివి వాళ్లే బయటికి తెచ్చుకుంటారు అన్నాను. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నాడు. మూడోదానికి ఓనర్‌ను అడగాలన్నాడు. పోయిన వారం స్టూల్ లేదు. పది దాటాక మళ్లీ వచ్చింది.

వెళ్లేవాళ్లకు: సర్వ్ చేసే పిల్లలు బంగారాలు, టిప్పు బిల్లులో కలపకుండా చేతికే ఇవ్వండి. స్టేజీకి ఎడమవైపు, కిచెన్ తలుపు దగ్గరి టేబుళ్లు అడగండి. అక్కడ సౌండ్ బాగుంటుంది, స్మోకింగ్ రూము దూరం. వాష్‌రూము దారి పక్కన ఇస్తామంటే వద్దనండి. చంటిపిల్లల్ని, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లని వాన రోజుల్లో తీసుకెళ్లొద్దు. శనివారం తొమ్మిది తర్వాత ఎంట్రీకి డబ్బులు కట్టాలి, ముందే వెళ్తే అక్కర్లేదు. వ్యాలే పార్కింగ్ ఉంది కానీ షో అయ్యాక కారు రావడానికి అరగంట పడుతుంది. మెట్రో దిగి ఆటోలో వెళ్లడమే మేలు.