హావ్‌లాక్‌లో మేం ఏళ్లుగా దిగుతున్న బీచ్ హోటల్ గురించి

అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపంలో హోటల్ బుక్ చేసేముందు గది ఫొటోలు చూసి మురిసిపోకండి, ఆ హోటల్ ద్వీపానికి ఏ వైపున ఉందో ముందు చూడండి. పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అని మారింది గానీ పడవ టికెట్ దగ్గర్నుంచి ఆటోవాళ్ల దాకా అందరి నోటా ఇంకా హావ్‌లాకే. కొన్నేళ్లుగా మా ఇంట్లోవాళ్లం ఒకే హోటల్‌లో దిగుతున్నాం, తూర్పు తీరంలో, విజయనగర్ బీచ్ మీద. అక్కడివాళ్లు ఐదో నంబర్ బీచ్ అంటారు. హోటళ్లు చాలావరకు ఈ తూర్పు వైపే ఉంటాయి కాబట్టి నేను చెప్పేది ఇక్కడ దిగే ఎవరికైనా పనికొస్తుంది.

తిరుపతిలో తెలిసినవాళ్లు మొదట అడిగేది సముద్రం గది ముందేనా అని. ముందే, వరండా మెట్లు దిగితే ఇసుక. అయితే పొద్దున మెట్లకు కాస్త దూరంలో అలలు కొడుతుంటే, మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి సముద్రం ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది. నాచు పట్టిన రాళ్లు, చచ్చిపోయిన పగడాల దిబ్బలు, మధ్యమధ్యలో మోకాలి లోతు మడుగులు, వాటిలో కదలకుండా పడున్న సముద్ర దోసకాయలనే నల్లటి జీవులు, గవ్వను వీపున మోసుకుంటూ పరిగెత్తే పీతలు, ఇవన్నీ బయటపడతాయి. పిల్లలకైతే పండగ, మా అమ్మాయి గంటలకొద్దీ ఆ మడుగుల దగ్గరే కూర్చుంటుంది. కానీ ఈత కొడదామని వచ్చినవాళ్లు ఉసూరుమంటారు, కొందరు రిసెప్షన్‌కు వెళ్లి గొడవ కూడా పెట్టుకుంటారు. హోటల్‌వాళ్లు మాత్రం ఏం చేస్తారు? రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు, ఆ వేళలు కూడా రోజుకు ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుంటాయి. నా కోపమంతా బుకింగ్ పేజీలో నిండు పోటు ఫొటోలు మాత్రమే పెట్టి, మిగతా సగం రోజు ఎలా ఉంటుందో చెప్పకపోవడం మీద. రిసెప్షన్‌లో రేపటి పోటు ఎన్నింటికి అని అడిగితే ఠక్కున చెప్తారు, అదే ఒక బోర్డు మీద రాసి పెడితే ఎంత బాగుంటుంది!

మేమైతే టీటీడీ క్యాలెండర్‌లో తిథి చూసి తేదీలు పెట్టుకుంటాం. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా పైకి వచ్చి బాగా వెనక్కి పోతాయి. అష్టమి, నవమి దగ్గర ఆ తేడా తక్కువ, కాబట్టి గది ముందు కాసేపు నీళ్లలో దిగాలనుకునేవాళ్లకు అవే నయం. అష్టమి నాడు ఇల్లు కదలడానికి అమ్మ ఒప్పుకోదు గనక సప్తమి కల్లా అక్కడ ఉండేలా చూసుకుంటాం.

అసలైన ఈత రాధానగర్‌లో. ద్వీపానికి పడమటి వైపు, కాలికి రాయి తగలని మెత్తటి తెల్లటి ఇసుక, వెనకాల ఆకాశమంత ఎత్తు చెట్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేలైన బీచ్ అంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటి కల్లా అక్కడుండండి. గడియారం మనదే అయినా పొద్దు మాత్రం తిరుపతి కంటే దాదాపు గంట ముందు నడుస్తుంది, డిసెంబర్‌లో ఐదింటి కల్లా సూర్యుడు దిగిపోతాడు. మన లెక్కన సాయంత్రం ఐదున్నరకి తీరిగ్గా బయల్దేరితే చీకటే చూస్తారు. దానికి బదులు తెల్లవారుజామున అయిదున్నరకి మంచం మీంచి లేవకుండానే సూర్యోదయం కనబడుతుంది, ఆ ఒక్కదానికే నేను ఈ హోటల్‌కి ఎంత డబ్బయినా పెడతాను.

గది సంగతికొస్తే చెక్క కాటేజీ, పైన తాటాకు కప్పు, లోపల ఏసీ. మొదట్లో ఉన్నంత కొత్తగా ఇప్పుడు లేదు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు, బాత్రూం తలుపు బందులు తుప్పు పట్టి కిర్రుమంటున్నాయి, షవర్ చిల్లులు సగం పూడుకుపోయాయి. దుప్పట్లు రోజూ మారుస్తారు, అయినా వాటిలో ఓ చెమ్మ ఉంటుంది, ఆ గాలిలో అది తప్పదు. మెట్ల దగ్గర కాళ్లు కడుక్కోవడానికి కుండ, కొబ్బరి చిప్ప గరిటె పెట్టి ఉంటాయి, ఎప్పుడు వెళ్లినా ఆ కుండ ఖాళీగా ఉండగా చూడలేదు. ఆ చిన్న శ్రద్ధ చూసే తుప్పు బందులను క్షమించేస్తాను. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేస్తారు, వెనక వరస కాటేజీల్లో ఆ మోతకు నిద్రపట్టదు. ముందు వరస దొరక్కపోతే తేదీ మార్చుకోండి.

తిండి గురించి మనవాళ్లకు టెన్షన్ ఉంటుంది కదా, అక్కర్లేదు. ద్వీపంలో ఎక్కువమంది బెంగాలీలు, చేపల కూర వాళ్ల చేతిదే తినాలి. వంటింట్లో ఒకతను తెలుగువాడు, వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. అమ్మ శనివారం నీచు ముట్టదు. "శనివారం మాత్రం చేపలు వేయించిన బాణలిలో చేయొద్దు నాయనా" అంటే, "మీకు వేరే గిన్నెలున్నాయమ్మా, చారు కూడా పెడతాను" అన్నాడు. మరుసటి ఏడు వెళ్లినప్పుడు మేం చెప్పకముందే శనివారం మధ్యాహ్నం చారు, పప్పు, పెరుగు వచ్చాయి. అమ్మ ఇప్పటికీ ఆ అబ్బాయిని తలుచుకుంటుంది. ధరలు ఎక్కువే, కూరగాయలు చాలావరకు ఓడలో రావాలి మరి.

సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి. కనబడవు, మర్నాడు పిక్కల మీద ఎర్రటి దద్దుర్లు లేచి వారం దురద పెడతాయి. కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే చాలావరకు ఆగుతాయి, చీకటి పడ్డాక ఇసుకలో పడుకోకండి. ఇంటర్నెట్ మాత్రం 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగైంది, అంతకుముందు ఫోన్ పక్కన పడేసి ఉండాల్సిందే.

నాకు మనసు కష్టపెట్టిన విషయం ఒకటుంది. ఓసారి వాయుగుండం వచ్చి పడవలు ఆపేశారు, మేం విమానం దిగి పడవెక్కే పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మారింది) ఇరుక్కుపోయాం. మేం చేరని ఆ రాత్రికి కూడా హోటల్ పూర్తి అద్దె పట్టుకుంది, తర్వాతి రోజుకు జరపమన్నా వినలేదు. ఏళ్లుగా వచ్చేవాళ్లతో అలా ఉండటం తప్పు. అందుకే ఇప్పుడు పడవలు ఆగితే తేదీ మారుస్తామని ముందే మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కడుతున్నాం, మీరూ అలాగే చేయండి. మన వైపు నుంచి రాత్రి బయల్దేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరి పొద్దున్నే విమానం పట్టుకుంటే, మధ్యాహ్నం పడవ అందుతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం పడవ, విమానం ఒకే రోజు పెట్టుకోకండి, ముందు రాత్రే పోర్ట్ బ్లెయిర్ చేరిపోండి. ఏరుకున్న పగడాలు, గవ్వలు బ్యాగులో పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు, పైగా పగడం తేవడం చట్టప్రకారం నేరం. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ నెలల్లో చూసుకోండి.