పరిగెత్తి ఆగాక వచ్చే ఆయాసం: నీలం పంపు, స్పేసర్‌తో ఎనిమిదేళ్ళు

నాకు 43 ఏళ్ళు, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. పరిగెత్తితే వచ్చే ఆస్తమా (ఉబ్బసం) ఉంది, దానికి 2017 నుంచి సాల్బుటమాల్ ఇన్హేలర్ వాడుతున్నాను, మందుల షాపులో నీలం పంపు అంటే చాలు, ఇచ్చేస్తారు. 2020 చివర్లో దానికి తోడు రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్హేలర్, పంపుకి తగిలించే స్పేసర్ గొట్టం, ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ వచ్చి చేరాయి. ఇంతకాలం వాడాక వీటిలో దేని విలువ ఎంతో నాకు బాగా తెలిసింది. మొదటి మూడేళ్ళు పంపును తప్పుగా పీల్చాను, పైగా అదొక్కటే చాలనుకున్నాను. ఇంకొకరు ఆ మూడేళ్ళు పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదలైంది బీచ్ రోడ్డులో. తెల్లవారుజామున అక్కడ బండ్లు ఆపేస్తారు కదా, కోస్టల్ బ్యాటరీ నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా కొంత నడిచి, కొంత పరిగెత్తేదాన్ని. పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉండేది, ఆగి గోడ మీద కూర్చున్న అయిదు నిమిషాలకి మాత్రం ఛాతీకి తాడు కట్టి లాగినట్టు బిగుసుకుపోయేది, పొడిదగ్గు, లోపల్నుంచి పిల్లికూతలు. అరగంటకో ముప్పావుగంటకో దానంతటదే తగ్గిపోయేది. ఈ తగ్గిపోవడమే నన్ను ఏడాదిపాటు తిప్పింది, ఎందుకంటే డాక్టరు దగ్గర స్టెతస్కోపు పెట్టించుకునే వేళకి ఛాతీ శుభ్రంగా ఉండేది. దగ్గు మందు రాసేవారు. ఇంట్లోవాళ్ళేమో అలవాటు లేని పరుగు, స్టామినా లేదు, వయసు ముప్పై దాటింది అనేవారు, నేనూ అదే నమ్మాను.

మామూలు ఆయాసానికీ దీనికీ తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, మామూలు ఆయాసం ఆగిన రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది, ఇది ఆగాక పెరుగుతుంది. పరుగులో నోటితో గబగబా పీలుస్తాం కాబట్టి గాలి ముక్కులో వెచ్చబడి తడి పట్టకుండానే నేరుగా లోపలికి పోతుంది, ఊపిరి గొట్టాల లోపలి పొర ఆరిపోతుంది, ఆ ఎండిపోవడానికి అక్కడి కణాలు రెచ్చిపోయి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. నాకు పరీక్ష చేసిన ఊపిరితిత్తుల డాక్టరుగారు ఇది చెప్పాక ఏడాదిగా జరుగుతున్నదంతా అర్థమైంది. ముందు మిషన్‌లో ఊదించారు, తర్వాత ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించి, ఆగాక కొన్ని నిమిషాలకోసారి మళ్ళీ ఊదించారు. మొదటి సెకనులో ఊదగలిగే గాలి 10 శాతమో అంతకంటే ఎక్కువో పడిపోతే ఈ జబ్బు ఉన్నట్టు లెక్క. నాది 22 శాతం పడింది. మీకూ ఇలా ఆగాకే వస్తుంటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కసారి ఊదించి పంపేస్తే సరిపోదు, పరిగెత్తించి ఊదించమని అడగండి.

ఇక నీలం పంపు. ఒక్క పఫ్‌కి 100 మైక్రోగ్రాములు, డబ్బాలో 200 పఫ్‌లు. పరుగుకి పది పదిహేను నిమిషాల ముందు రెండు పఫ్‌లు తీసుకోమన్నారు. పనిచేస్తుందా అంటే చేస్తుంది, అయిదు నిమిషాల్లో గాలి ఆడటం తెలుస్తుంది, నాలుగైదు గంటలు ఉంటుంది. చేతులు కాస్త వణకడం, గుండె దడ నాకు అరగంట ఉండేవి, మొదటిసారి అది చూసి చాలా టెన్షన్ పడ్డాను, తర్వాత అలవాటైంది. మంచి మందే, ఇప్పటికీ నా బ్యాగులో లేకుండా గడప దాటను.

కానీ పీల్చే పద్ధతి ఎవరూ చూపించలేదు. షాపతను డబ్బా కవర్లో పెట్టి ఇచ్చాడు, నేను నోట్లో పెట్టుకుని నొక్కి, సర్రున ఒక్క పీల్పు పీల్చి వదిలేసేదాన్ని. నాలుక మీద, గొంతు వెనకాల చేదుగా తగిలేది. ఆ చేదు తగిలిందంటే మందు చాలామటుకు అక్కడే ఆగిపోయిందని అర్థమట. బాగా ఊపాలి, ఊపిరంతా బయటికి వదలాలి, పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కాలి, నెమ్మదిగా నిండా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి, రెండో పఫ్‌కి ముందు అర నిమిషమైనా ఆగాలి. చదివితే సులువే, ఆయాసంలో ఉన్న మనిషి చేయడం కష్టం. అందుకే నన్నడిగితే ఈ మొత్తం సామాన్లలో డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది స్పేసర్. ఒక ప్లాస్టిక్ గొట్టం, అంతే. పంపు ఒక కొసన, నోరు ఇంకో కొసన, మందు మధ్యలో కాసేపు నిలుస్తుంది కాబట్టి మనం తీరిగ్గా పీల్చుకోవచ్చు. స్పేసర్‌తో పీల్చిన మొదటి రోజే చేదు తగల్లేదు, ఛాతీ తేలికైంది.

స్పేసర్ కడిగే పద్ధతి కూడా ఉంది. వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన నీళ్ళలో ముంచి తీసి, గుడ్డ పెట్టకుండా దానంతటది ఆరనివ్వాలి. మా అత్తయ్య శుభ్రం మీద పట్టింపుతో తువ్వాలు పెట్టి తళతళలాడేలా తుడిచి పెట్టేవారు. అలా రుద్దితే మామూలు ప్లాస్టిక్‌లో స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. విషయం చెప్పాక ఆవిడే ఇప్పుడు ప్రతి ఆదివారం కడిగి వంటింటి కిటికీలో బోర్లిస్తున్నారు.

ఇంకో మాట, నా మొదటి పంపు మీద ఎన్ని మిగిలాయో చూపే అంకెలు లేవు. 200 అయిపోయినా లోపలి గ్యాస్ ఇంకా వస్తూనే ఉంటుంది, నొక్కితే తుస్సుమంటుంది, మందు మాత్రం ఉండదు. కైలాసగిరి మెట్లు ఎక్కిన రోజు నాలుగు పఫ్‌లు కొట్టినా ఏమీ కాకపోతే, భయంతో మెట్ల పక్కన కూర్చుండిపోయాను, మా ఆయన కిందికి పరిగెత్తి కొత్తది కొనుక్కొచ్చారు. ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను. డబ్బాను నీళ్ళలో వేసి తేలితే ఖాళీ, మునిగితే నిండు అంటారు, దాన్ని నమ్మొద్దు. అంకెలున్న పంపే అడిగి కొనుక్కోండి. మే నెలలో స్కూటీ డిక్కీలో వదిలేయొద్దు, వేడికి అది పాడవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2020 నాటికి నేను నీలం పంపు వారంలో అయిదారు రోజులు కొడుతున్నాను, అయినా మునుపటంత ఆపడం లేదు. మందు బలం తగ్గిందేమో అనుకున్నాను. నిజానికి రోజూ వాడుతుంటే పరుగు ముందు అది ఇచ్చే రక్షణ కొంత తగ్గుతుంది. పైగా అది బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందే గానీ లోపలి వాపును ముట్టుకోదు. 2019లోనే గినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దవాళ్ళకీ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకీ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయొద్దు, స్టెరాయిడ్ ఇన్హేలర్ తోడు ఉండాల్సిందే అన్నాయి. నాకు మాత్రం ఆ సంగతి ఏడాది తర్వాత, ఒక రాత్రి ఎమర్జెన్సీలో నెబ్యులైజర్ పెట్టించుకున్నాక తెలిసింది.

బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, ఊపిరి గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ రాశారు. ఇంట్లో గోల. అమ్మ ఫోన్‌లో, "స్టెరాయిడ్ వద్దమ్మా, ఒకసారి మొదలుపెడితే అలవాటైపోద్ది, ఒళ్ళొచ్చేస్తుంది" అని ఏడ్చినంత పని చేసింది. మృగశిర కార్తెకి హైదరాబాదు తీసుకెళ్ళి చేప మందు వేయిస్తానంది. అమ్మ భయం నాకు తెలుసు, మా తాతయ్య ఉబ్బసంతో రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని గడపడం తను చూసింది. అప్పుడు తాతయ్యకి ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మిల్లీగ్రాముల్లో ఒళ్ళంతా తిరిగేవి, నేను పీల్చేది మైక్రోగ్రాముల్లో, ఎక్కువగా ఊపిరితిత్తుల దగ్గరే పనిచేసేది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాక అమ్మ కొంత కుదుటపడింది. నాకు అలవాటూ కాలేదు, ఒళ్ళూ రాలేదు. వచ్చిన ఇబ్బంది ఒక్కటే, పీల్చాక నోరు పుక్కిలించడం మానేసిన నెలలో నాలుక మీద తెల్లటి పూత వచ్చింది. ఇప్పుడు పళ్ళు తోముకునే ముందు పీలుస్తాను, మర్చిపోయే వీలే లేదు. దీని ఫలితం ఆ పూటే కనిపించదు, నాకు మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత నీలం పంపు అవసరం నెలకి రెండు మూడు సార్లకి తగ్గిపోయింది.

పీక్ ఫ్లో మీటర్ కొనమంటే మొదట అనవసరం అనుకున్నాను. నిలబడి మూడుసార్లు ఊది, పెద్ద అంకె రాసుకోవాలి. బాగున్న రోజుల్లో నా అంకె 380. దానికి 80 శాతం, అంటే 304 దాటి ఉంటే పరిగెత్తుతాను, తగ్గితే ఆ రోజు నడకే, 190 కంటే తగ్గితే నేరుగా ఆసుపత్రికే. 2023 భోగి నాడు వీధి చివర మంటల పొగలో గంటసేపు నిలబడి వచ్చి ఊదితే 290. ఒంట్లో నాకేమీ తెలియలేదు, అంకె ముందే చెప్పింది.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. సముద్రం పక్కన తడిగాలి ఈ జబ్బుకి మేలే చేస్తుంది, బీచ్‌లో నాకు వచ్చే ఇబ్బందికీ, డిసెంబరులో లంబసింగిలో వచ్చినదానికీ పోలికే లేదు. అక్కడ తెల్లవారకముందే మంచు చూద్దామని పిల్లలతో పాటు గబగబా గట్టు ఎక్కాను, ఆ చల్లటి గాలికి పది నిమిషాల్లో మాట రాలేదు. ఇప్పుడు అరకు వెళ్ళినా లంబసింగి వెళ్ళినా చున్నీ ముక్కూ నోరూ కప్పేలా చుట్టుకుంటాను, అలా పీల్చే గాలి కొంచెం వెచ్చగా, తడిగా లోపలికి పోతుంది. ఇక ఊళ్ళో బొగ్గు దుమ్ము, లారీల పొగ ఉన్న రోడ్లలో మాత్రం పరిగెత్తను, ఎంత సముద్రం పక్కనైనా సరే.

వార్మప్ గురించి ఎవరు చెప్పినా వ్యాయామం మాటలే అనుకునేదాన్ని, నాకది మందుతో సమానమని తర్వాత తెలిసింది. పదిహేను నిమిషాలు నడక, మధ్యలో అర నిమిషం చొప్పున నాలుగైదు చిన్న పరుగులు. అలా చేశాక రెండు గంటల దాకా ఛాతీ అంతగా బిగుసుకోదు. అందరికీ ఇలా ఉండదట, నాకుంది. వ్యాయామాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది, ఆగకుండా ఆరేడు నిమిషాలు గట్టిగా పరిగెత్తితే వచ్చేది నెమ్మదైన నడకలో రాదు. కిందటేడాది ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను, 32 కిలోమీటర్లు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా రాత్రంతా నడిచాను. నడుముకి కట్టుకున్న పౌచ్‌లో పంపు ఉంది, తీయాల్సిన అవసరం రాలేదు. మెట్ల దగ్గరకి చేరేసరికి కాళ్ళ నొప్పికి ఏడుపొచ్చింది గానీ ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆ క్షణంలో స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

మా అమ్మాయికి పదమూడేళ్ళు, తనకీ ఇదే వచ్చింది. ఖోఖో ఆడి వచ్చి దగ్గుతుంటే స్కూల్లో వంకలు పెడుతోందన్నారు, ఆ మాటకి పిల్ల ఆట మానేస్తానంది. నేను ఏడాది పోగొట్టుకున్నట్టు తనని పోగొట్టుకోనివ్వదలచుకోలేదు, వెంటనే పరీక్ష చేయించి, కాగితం పట్టుకెళ్ళి పీఈటీ సార్‌కి చూపించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కి కూడా ఈ ఆస్తమానే, 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది అని చెప్తే మా అమ్మాయి ఆ అంకెను పుస్తకం అట్ట లోపల రాసుకుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. పంపు కొట్టినా పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, తగ్గినట్టే తగ్గి నాలుగు గంటల్లోపే మళ్ళీ పట్టేస్తున్నా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, దారిలో పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. డోసులు నావి చూసి తీసుకోకండి, మీ డాక్టరు చెప్పినవే వాడండి.

స్పేసర్‌తో నాకున్న ఇబ్బంది ఒక్కటే, పరుగులో జేబులో పట్టదు. అందుకే అవసరమైన రోజున పరుగుకి ముందు ఇంట్లోనే స్పేసర్‌తో పీల్చుకుని, పంపొక్కటే వెంట తీసుకెళ్తాను. మా అమ్మాయి స్కూలు బ్యాగులో మాత్రం రెండూ ఉంటాయి, టిఫిన్ డబ్బా పక్కన, తన పేరు రాసిన జిప్ కవర్లో. పొద్దున బస్సు ఎక్కే ముందు పంపు మీద అంకె ఎంతుందో తనే చదివి నాకు చెప్తుంది.