నాలుగేళ్ల జిమ్‌ను వదిలి కొత్త జిమ్‌కు: డాలస్‌లో మా అమ్మాయి జిమ్నాస్టిక్స్

మా అమ్మాయి అయిదో ఏట జిమ్నాస్టిక్స్‌లో చేరింది. నాలుగేళ్లకు పైగా ఒకే జిమ్‌లో నేర్చుకుంది. పోయిన ఏడాది వేసవిలో మరో జిమ్‌కు మార్చాం. మేము ఉండేది డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ ఊళ్ల వైపు. ఇక్కడ తెలుగు కుటుంబాలకూ కొదవ లేదు, జిమ్‌లకూ కొదవ లేదు. "మీరు ఎందుకు మారారు, మేమూ మారాలా?" అని గుడిలోనూ పుట్టినరోజు విందుల్లోనూ చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాయడం మేలనిపించింది. రెండు జిమ్‌ల పేర్లూ రాయడం లేదు. పిల్లలు ఇప్పటికీ ఒకే మీట్‌లలో (పోటీల్లో) ఎదురుపడుతుంటారు, వాళ్లకు ఇబ్బంది కలగకూడదు.

ముందు ఈ ప్రాంతం గురించి కొంచెం చెప్పాలి. ప్లేనోలో 1994లో వలేరీ ల్యూకిన్, ఎవ్‌గెనీ మార్చెంకో కలిసి వోగా అనే అకాడమీ పెట్టారు. అక్కడ తయారైన కార్లీ ప్యాటర్సన్ 2004లో, నాస్టియా ల్యూకిన్ 2008లో ఒలింపిక్ ఆల్‌రౌండ్ (అన్ని పరికరాలూ కలిపి) స్వర్ణాలు గెలిచారు. మేము వెళ్లిన జిమ్‌లకూ వోగాకూ ఏ సంబంధమూ లేదు. కానీ అంత పెద్ద విజయాలు పక్క ఊళ్లో జరిగితే చుట్టుపక్కల తల్లిదండ్రుల మాటల్లో అది కనిపిస్తుంది. ఏడేళ్ల పిల్ల కనబడగానే పేరు తర్వాత అడిగే ప్రశ్న "ఏ లెవెల్?" అనే. జిమ్ మార్చాలన్న ఆలోచనల్లో సగం ఆ ప్రశ్న నుంచే పుడతాయి. లెవెల్ పెరగడం లేదన్న ఒక్క కారణంతో మారాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. అమెరికాలో అమ్మాయిల పోటీ జిమ్నాస్టిక్స్‌లో 1 నుంచి 10 వరకు లెవెల్స్ ఉంటాయి. 5 వరకు దేశమంతటా అందరిదీ ఒకే రొటీన్ (వరసగా చేసి చూపే విన్యాసాలు), ఫ్లోర్‌కు, అంటే నేల మీది విన్యాసాలకు, ఒకే సంగీతం. 6 నుంచి ఎవరి రొటీన్ వాళ్లది. దీనికి పక్కనే ఎక్సెల్ అని మరో దారి ఉంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ సాగే ఈ దారిలో పిల్లకు వచ్చిన విన్యాసాలతో రొటీన్ కట్టుకునే వెసులుబాటు ఉంటుంది, సాధన గంటలు కూడా సాధారణంగా తక్కువ. 3వ లెవెల్ నుంచి 4కు వెళ్లాలంటే బార్స్ (వేలాడి ఊగే అడ్డకడ్డీలు) మీద కిప్ రావాలి. బార్ కింద ఊగి, కాళ్లను బార్ దగ్గరికి తెచ్చి, ఒక్క ఊపులో నడుము బార్ మీదికి చేరేలా పైకి లేవడమే కిప్. అది కొందరికి నెలలో వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. చేతుల బలం, పొట్ట కండరాల బలం, ఊపు అందే సమయం మూడూ కలిసి రావాలి. కిప్ రాలేదని జిమ్ మారిస్తే కొత్త జిమ్‌లోనూ అదే బార్ కింద అదే పిల్ల వేలాడుతుంది.

పాత జిమ్‌లో మొదటి రెండున్నరేళ్లు నాకు ఏ లోటూ కనిపించలేదు. చిన్న పిల్లలకు నేర్పే కోచ్‌ది అపారమైన ఓపిక. వరసలో నిలబడి ఎదురుచూడటం తక్కువ. ఒకరు బీమ్ (సన్నని దూలం) మీద ఉంటే మిగతావాళ్లకు నేల మీద చిన్న చిన్న పనులు పెట్టేవారు. ముందు పడటం నేర్పారు. చేతులు వెనక్కి ఆన్చకుండా, గడ్డం ఛాతీకి ఆనించి దొర్లడం మా అమ్మాయికి అలవాటైపోయింది. ఒకసారి మంచు మీద జారినప్పుడు కూడా అలాగే దొర్లి లేచింది. కార్ట్‌వీల్ (చేతులు ఆన్చి పక్కకు వేసే పల్టీ) రెండు వైపులా చేయించేవారు. చాలా జిమ్‌లు పిల్లకు వాటంగా ఉన్న వైపే చేయించి వదిలేస్తాయి. హాలు శుభ్రంగా ఉండేది, ఫోమ్ పిట్ (పడితే దెబ్బ తగలకుండా స్పాంజి ముక్కలు నింపిన గుంట) కొత్తది. ఇంటికి పది నిమిషాల దూరం. అయిదారేళ్ల పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి?

పోటీలకు వెళ్లే టీమ్‌లోకి తీసుకున్నాక అదే భవనంలో వేరే జిమ్ మొదలైనట్టయింది. గంటలు పెరిగాయి, దానికి మేము సిద్ధంగానే ఉన్నాం. పోటీ లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే దుస్తులు), వార్మప్ సూటు కలిపి 400 డాలర్లు దాటాయి. మీట్ ఫీజులు, కోచ్‌ల ప్రయాణ ఖర్చు వేరు. అదీ తెలిసిందే. నన్ను కలవరపెట్టింది రెండు విషయాలు. టీమ్ సాధన సమయంలో తల్లిదండ్రులు చూసే అద్దానికి తెర వేయడం మొదలుపెట్టారు. పిల్లల ధ్యాస చెదురుతోందన్నది వాళ్లు చెప్పిన కారణం. రెండోది, భయాన్ని వాళ్లు చూసే తీరు.

బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు. పోటీల్లో ఎత్తు 125 సెంటీమీటర్లు, అంటే చాలామంది ఎనిమిదేళ్ల పిల్లలకు దాదాపు తల దాకా. దాని మీద నిలబడి వెనక్కి వంగి, చేతులు ఆన్చి, కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి తల మీదుగా తెచ్చే బ్యాక్ వాకోవర్‌ను మా అమ్మాయి కింది బీమ్ మీద బాగానే చేసేది. పై బీమ్ మీద ఒకసారి చేయి జారింది. దెబ్బ తగలలేదు, కానీ ఆ రోజు నుంచి వెనక్కి వంగలేకపోయింది. ఇక్కడి వాళ్లు దీన్ని బ్లాక్ అంటారు. చాలామంది జిమ్నాస్ట్‌లకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఒక సాయంత్రం తెర కొంచెం పక్కకు జరిగి ఉంటే చూశాను. మిగతా పిల్లలంతా బార్స్ దగ్గరికి వెళ్లిపోయారు. మా అమ్మాయి ఒక్కతే బీమ్ మీద చేతులు పైకెత్తి నిలబడి ఉంది. కాలి వేళ్లు బీమ్ అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వెనక్కి వంగబోతుంది, ఆగుతుంది, చేతులు దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. చేసేదాకా దిగకూడదన్నారట. సాధన ముగిసేదాకా అలాగే ఉంది. కారులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక "అమ్మా, రేపు నాకు జ్వరం వస్తే బాగుండు" అంది.

హెడ్ కోచ్‌తో రెండుసార్లు మాట్లాడాం. మర్యాదగానే విన్నారు. "మనసు గట్టిపడాలి, టీమ్ అంటే ఇంతే" అన్నారు. పద్ధతి మాత్రం మారలేదు.

అయినా వెంటనే మారలేదు. మా అమ్మాయి స్నేహితులంతా అక్కడే ఉన్నారు. ఇన్నేళ్లు నేర్పిన కోచ్‌లకు ముఖం ఎలా చూపించాలన్న మొహమాటం ఒకటి. హైదరాబాద్‌లో ఉన్న మా అత్తగారు ఫోన్‌లో "గురువును మార్చడం అంత మంచిది కాదమ్మా, ఆలోచించండి" అన్నారు. ఆవిడ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మనవరాలు ఈ ఆటలో చేరిందని తెలిశాక బుద్దా అరుణారెడ్డి గురించి కథలు కథలుగా చెప్పింది ఆవిడే. ఎల్బీ స్టేడియంలో సాధన చేసిన హైదరాబాదీ అమ్మాయి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరే విభాగం) కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారత్‌కు వ్యక్తిగత విభాగంలో అదే మొదటి పతకం. అందుకే మార్చడం గురించి కాక, ముందు వేరే చోట ఒక్క క్లాసు చూసి రావడం గురించే మాట్లాడుకున్నాం. ట్రయల్‌కు వెళ్లడం పాత జిమ్‌కు ద్రోహం కాదు. అయితే దొంగచాటుగా వెళ్లకండి. కోచ్‌లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. మేము ముందే ఈమెయిల్ రాసి చెప్పాం. పొడిపొడిగా జవాబు వచ్చింది, అంతే.

కొత్త జిమ్ చూడగానే మావారి మొహంలో ఉత్సాహం తగ్గింది. పాత గోదాము. మ్యాట్‌ల అంచులకు టేపు వేసి ఉంది. గోడ మీద ట్రోఫీలు తక్కువ. నేను ఒక మూల కూర్చుని చూశాను. ఇక్కడ తెర లేదు, తలుపు దగ్గర కుర్చీలు వేసి ఉన్నాయి. బార్స్ దగ్గర ఒక్కో పిల్ల దిగగానే కోచ్ ఒక్క మాటే చెబుతున్నారు. "కాలి వేళ్లు" అనో, "మోచేతులు" అనో అంతే. తర్వాతి వంతులో ఆ ఒక్కటే చూస్తున్నారు. పాత జిమ్‌లో ఒకేసారి అయిదు తప్పులు చెప్పేవారు, పిల్ల తలూపి వెళ్లి అవే మళ్లీ చేసేది.

తర్వాత బీమ్ దగ్గరికి వచ్చారు. బ్యాక్ వాకోవర్ అనగానే మా అమ్మాయి ఆగిపోయింది. కోచ్ ఎందుకని అడగలేదు. నేల మీద గీత దగ్గరికి తీసుకెళ్లి చేయించారు. తర్వాత కింది బీమ్. తర్వాత పై బీమ్‌కు రెండు వైపులా మ్యాట్‌లు ఒకదాని మీద ఒకటి బీమ్ ఎత్తుకు వచ్చేదాకా పేర్చారు. ఇప్పుడది ఎత్తయిన బీమే అయినా పక్కన నేల ఉన్నట్టే. నడుము కింద ఒక చెయ్యి పెట్టి స్పాట్ చేశారు. మా అమ్మాయి వంగింది, కాళ్లు దాటించింది, నిలబడింది. "వచ్చే వారం ఒక మ్యాట్ తీద్దాం, నువ్వు చెప్పినప్పుడే" అన్నారు కోచ్. తిరిగి వచ్చేటప్పుడు టోల్‌వే ఎక్కకముందే "ఇక్కడికి మళ్లీ ఎప్పుడు వద్దాం?" అని అడిగింది.

అప్పటికీ నేను సరే అనలేదు. ఈ ఆటలో ఒక తనిఖీ తప్పనిసరి. 2016లో ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక బయటపెట్టిన ల్యారీ నాసర్ దారుణం తర్వాత ఏ తల్లీ కోచ్ మంచితనం మీద నమ్మకంతో మాత్రమే పిల్లను వదిలి వెళ్లకూడదు. జాతీయ జట్టు వైద్యుడే ఏళ్ల తరబడి పిల్లలను లైంగికంగా హింసించాడు, చెప్పినవాళ్ల మాట పెద్దలు వినలేదు. 2018లో అతనికి శిక్ష పడ్డ కోర్టులో నూట యాభై మందికి పైగా తమ బాధ చెప్పుకున్నారు. ఇప్పుడు ఈ ఆట జాతీయ సంస్థ యూఎస్‌ఏ జిమ్నాస్టిక్స్‌లో సభ్యులైన కోచ్‌లకు నేర చరిత్ర తనిఖీ, వేధింపులను అడ్డుకోవడం నేర్పే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ ఉండాలి. నిషేధం పడినవాళ్ల పేర్లు సేఫ్‌స్పోర్ట్ కేంద్రం వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. నేను కొత్త జిమ్ కోచ్‌లందరి పేర్లూ వెతికాను. పెద్దవాళ్లు పిల్లతో ఒంటరిగా, ఎవరికీ కనబడకుండా ఉండకూడదన్న నియమాన్ని ఎలా పాటిస్తారో సూటిగా అడిగాను. జిమ్ యజమానురాలు ఇబ్బంది పడలేదు. పిల్లకు విడిగా ఫోన్ మెసేజ్‌లు పంపరని, పంపితే తల్లిదండ్రులను కలిపే పంపుతారని, నొప్పి ఉన్నచోట పట్టీ కట్టినా అందరి ముందే కడతారని వివరించారు. ఈ ప్రశ్న అడిగితే చిరాకుపడే జిమ్ ఎంత పేరున్నదైనా నేను చేర్చను.

ఇప్పుడు ఏడాది దాటింది. మొదటి దెబ్బ లెవెల్ మీద పడింది. 4కు సిద్ధమవుతున్న పిల్లను మళ్లీ 3లో పెట్టారు. హ్యాండ్‌స్టాండ్‌లో భుజాలు సరిగ్గా తెరుచుకోవడం లేదని, అది సరిచేయకుండా పైకి వెళ్తే వెన్ను మీద భారం పడుతుందని చెప్పారు. మావారికి అది కష్టంగా తోచింది. నాకు సబబుగానే అనిపించింది. కిప్ చలికాలంలో వచ్చింది, ఎవరూ తొందరపెట్టకుండానే. పొడవు పెరుగుతున్న రోజుల్లో మడమ నొప్పి వచ్చింది. ఎదిగే వయసులో పరుగులు, దూకుళ్లు ఎక్కువైన పిల్లలకు అది మామూలే. కోచ్ వాల్ట్ పరుగులు ఆపించి, డాక్టర్‌కు చూపించేదాకా బార్స్, బలం పెంచే వ్యాయామాలే చేయించారు. సాధన గంటలు కూడా తక్కువే. వారానికి సాధన గంటలు పిల్ల వయసును మించకూడదని క్రీడా వైద్యులు చెప్పే లెక్క ఒకటి ఉంది. ఈ జిమ్ దాన్ని దాటనివ్వలేదు.

లోపాలు లేకపోలేదు. సాయంత్రం రద్దీలో దూరం భరించడం కష్టం, ఇంటి పని అంతా కారులోనే. ఫీజు పాత జిమ్ కన్నా ఎక్కువ. మీట్‌ల తేదీలు చివరి నిమిషంలో చెబుతారు. ఆదివారం మనబడి తెలుగు తరగతికి ఎన్నిసార్లు సెలవు పెట్టించాల్సి వచ్చిందో తలచుకుంటే బాధేస్తుంది. ఇక బీమ్ సంగతి. పక్కన ఒక మ్యాట్ ఉంటే బ్యాక్ వాకోవర్ చక్కగా చేస్తుంది. ఏమీ లేకుండా కొన్ని రోజులు చేస్తుంది, కొన్ని రోజులు చేయదు. చేయని రోజు కోచ్ మ్యాట్ తెచ్చి పెడతారు. జ్వరం రావాలని కోరుకోవడం మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

మీరు మారాలనుకుంటే పోటీల సీజన్ మధ్యలో వద్దు. వేసవిలో ట్రయల్‌కు వెళ్లండి. పాత జిమ్ ఒప్పందంలో నెల ముందు నోటీసు ఇవ్వాలని రాసి ఉందేమో చూసుకోండి. మేము చూసుకున్నాం కాబట్టి ఒక నెల ఫీజు మిగిలింది. ట్రయల్ రోజు మీ పిల్ల ఎంత బాగా చేసిందని చూడకండి. చేయలేనప్పుడు కోచ్ ఏం చేశారో చూడండి.

చిన్న పిల్లలకైతే పాత జిమ్‌నే నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మా నాలుగేళ్ల బాబును అక్కడే చేర్చాం. అదే కోచ్, అదే ఓపిక. అబ్బాయిలకు పామెల్ హార్స్, రింగ్స్, పారలల్ బార్స్‌తో కలిపి ఆరు పరికరాలు ఉంటాయి. అబ్బాయిల టీమ్ ఈ రెండు జిమ్‌లలోనూ లేదు. వాడికి ఆసక్తి నిలిస్తే ఇంకో రెండేళ్లలో మూడో జిమ్ వెతకాలి.