పొగతోటలో పిల్లల నరాల క్లినిక్: డాక్టరుకి ఐదు స్టార్లు, వెయిటింగ్ హాలుకి రెండు

క్లినిక్ పేరు రాయను, తిట్టేది కూడా ఉంది కాబట్టి. నెల్లూరు పొగతోటలో ఉంది, నెల్లూరులోనే ఉన్న ఆత్మకూరు బస్టాండులో దిగి ఆటో ఎక్కితే తీసుకుపోతారు.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మావాడికి ఆరో నెలలో నిద్ర లేవగానే తల ముందుకు వాలడం, చేతులు రెండూ ఒక్కసారి పైకి లేచి పడిపోవడం మొదలైంది. వరసగా పది, పదిహేను సార్లు వచ్చి ఆగిపోయేది. అత్తమ్మ ఉలికిపాటు అంది, పక్కింటావిడ పక్షిదోషం అంది. తాయెత్తు కట్టించాం, నేను ఫోన్లో వీడియో కూడా తీసి పెట్టుకున్నా. డాక్టరు ఆ వీడియో సగం చూసి, "ఈరోజే ఈఈజీ తీద్దామమ్మా, రేపటికి వద్దు" అన్నారు. తలకి వైర్లు అంటించి మెదడు పనితీరుని గీతల్లో చూసే పరీక్ష అది. వెస్ట్ సిండ్రోమ్ అట, పసిబిడ్డలకి వచ్చే ఒక రకం ఫిట్స్ జబ్బు. 1841లో వెస్ట్ అనే ఇంగ్లండు డాక్టరు తన సొంత కొడుక్కే ఇలా వస్తుంటే లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికకి ఉత్తరం రాశాడంట. మందే తెలియని రోజులు, ఆ తండ్రి ఏం పడ్డాడో.

ఈఈజీ తీసే అమ్మాయికి దండం పెట్టాలి. వాడికి నిద్ర సిరప్ తాగించి పడుకోబెట్టి, దువ్వెన మొనతో జుట్టు పాయలు తీస్తూ ఒక్కోచోట పేస్టు రాసి వైరు అంటించింది. వాడు కదిలి ఊడగొడితే మళ్ళీ అంటించింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తర్వాత డాక్టరు స్క్రీను మా వైపు తిప్పి చూపించారు. గీతలు ఒక వరసా వాయీ లేకుండా ఎటుపడితే అటు ఎగురుతున్నాయి. చదువు రానివాళ్ళకి కూడా తేడా అర్థమవుతుంది.

స్టెరాయిడ్ మందు ఆ రోజే మొదలుపెట్టారు. మొహం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, చిరాకు పడతాడు, బీపీ చూపిస్తూ ఉండండి అన్నారు. అన్నీ అన్నట్టే వచ్చాయి కాబట్టి మాకు టెన్షన్ తగ్గింది. విగాబాట్రిన్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా కలపచ్చా అని మా ఆయన అడిగితే, 2017లో వచ్చిన ఒక పెద్ద స్టడీ గురించి చెప్పారు. మావాడికిచ్చిన స్టెరాయిడ్ లాంటి హార్మోను మందు ఒక్కటే వాడిన పిల్లల్లో 57 శాతానికి ఫిట్స్ ఆగితే, రెండూ కలిపి వాడిన పిల్లల్లో 72 శాతానికి ఆగాయట. కానీ ఏడాదిన్నర వయసులో చూస్తే రెండు గుంపుల ఎదుగుదలలో తేడా కనబడలేదట. విగాబాట్రిన్‌తో చూపు అంచుల్లో దెబ్బతినే ప్రమాదం ఉందని కూడా దాచకుండా చెప్పారు.

తర్వాత వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి కాగితాలు తెచ్చింది. ఇలాంటి పిల్లల ఎదుగుదల రాసుకునే స్టడీ, మందులేమీ మార్చరు, చేరతారా అంది. అత్తమ్మకి మండింది. "మన పిలకాయల మీద ప్రయోగాలు చేసేదానికి తెచ్చామా ఏంది?" అని హాల్లోనే గట్టిగా అడిగేసింది.

డాక్టరు ఆమెని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. పుట్టగానే ఏడవని బిడ్డల ఒంటిని 33.5 డిగ్రీల సెల్సియస్‌కి చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచే వైద్యం ఒకటుంది, బయటి దేశాల్లో మెదడుని కాపాడుతుందని తేలింది అన్నారు. అదే వైద్యాన్ని ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పసిబిడ్డలతో పరీక్షించారు. ఆ స్టడీని హెలిక్స్ అంటారు, 2021లో ఫలితం వచ్చింది. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం చనిపోయారు, చల్లబరచని బిడ్డల్లో 31 శాతం. "మన దగ్గర చూడకపోయుంటే మంచిదనుకుని చేస్తూనే ఉండేవాళ్ళం పెద్దమ్మా" అన్నారు.

అత్తమ్మ కాసేపు ఆగి, "ఆ తల్లులకి చెప్పే చేశారా?" అంది. బడి మొహం చూడని మనిషి, సరైన చోట పట్టుకుంది. చెప్పి, సంతకం తీసుకునే చేస్తారు, ఈ కాగితాలూ అందుకే, ఇంటికి తీసుకుపోయి చదవండి అన్నారు. మా తమ్ముడు చదివి వినిపించాడు. చేరకపోయినా వైద్యం మారదు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు, స్టడీ న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంది, ఒక కాపీ మనకే. మీకెవరైనా కొత్త మందు పరీక్షించే స్టడీ అని చెప్తే సీటీఆర్ఐ నంబరు, అంటే మన దేశంలో ఇలాంటి స్టడీలు నమోదు చేసే రిజిస్టరు నంబరు, అడగండి. 2009 నుంచి అది తప్పనిసరి, ఫోన్లోనే వెతికి చూసుకోవచ్చు. మేం చేరాం. దారి ఖర్చులు ఇస్తామన్నారు గానీ అవి బ్యాంకులో పడేసరికి రెండోసారి పోయే టైము వస్తుంది.

ఇక హాలు సంగతి. పాలిచ్చేదానికి చాటు లేదు, అత్తమ్మ దుప్పటి పట్టుకుని నిలబడాలి. టోకెన్ పేరుకే, ఫోన్ చేయించుకున్న వాళ్ళు మన కళ్ళముందే లోపలికి పోతారు. అడిగితే రిసెప్షన్లో అతను కంప్యూటర్ వైపు తిరిగిపోతాడు.

వాడికి ఫిట్స్ ఆగాయి. మెడ నిలిచింది, కూర్చోవడం ఇంకా ఆలస్యమే, ఫిజియోథెరపీ నడుస్తోంది. పోయేవాళ్ళు కదలికల వీడియో తప్పకుండా తీసుకుపోండి. బిడ్డ తలకి నూనె రాయకండి, రాస్తే ఈఈజీకి ముందు అక్కడే షాంపూతో కడిగిస్తారు, ఆ బాత్రూంలో నీళ్ళు ఒకరోజు వస్తే ఒకరోజు రావు.