పారిస్‌లో రాగిరేకు దొరల వెంట

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ కాలపు దొరల్ని చూడాలని అందరూ ఆయన కోట వెర్సాయ్‌కి పరిగెడతారు. అక్కడుండేవి ఎక్కువగా నిలువెత్తు రంగుల పటాలు, వాటి ముందు సెల్ఫీల జనం. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన ముఖాలు కావాలంటే రిషెల్యూ వీధిలోని జాతీయ గ్రంథాలయానికే వెళ్లాలి. ఏళ్ల తరబడి మరమ్మతులయ్యాక 2022లో పూర్తిగా తెరిచారు. చదువుకునే పెద్ద గది ఓవల్ హాల్ ఉచితం, మ్యూజియానికి టికెట్టు, సోమవారం సెలవు.

ఈ భవనంలో కొంత భాగం ఒకప్పుడు రాజు ముఖ్యమంత్రి కార్డినల్ మజరాన్ మహలు. ఆయన తన గ్యాలరీని వెనక పెట్టుకుని దర్జాగా కూర్చున్న అచ్చుబొమ్మ ఒకటుంది, 1659 నాటిది. దాని మీద పనిచేసిన రాగిరేకు చెక్కడపు కళాకారుడు రోబేర్ నాంతెయ్ అంటే నాకు వల్లమాలిన ఇష్టం. అతని బొమ్మకి కళ్లు ఆనించి చూడాలి. బుగ్గ మీద గీతలు సన్నని గాట్లుగా, చుక్కలుగా విరిగిపోతాయి. జుట్టు దగ్గరికొచ్చేసరికి అవే పొడుగ్గా సాగి మెలికలు తిరుగుతాయి. ఉన్నది ఒక్క నల్ల సిరా, అయినా పట్టు పట్టులాగే, లేసు లేసులాగే కనిపిస్తాయి. 1660లో రాజు ఈ చెక్కడపు పనిని చేతివృత్తుల సంఘాల కట్టుబాట్ల నుంచి తప్పించి కళగా గుర్తించాడంటే ఊరికే కాదు.

ఒక్క చిక్కు: కాగితం వెలుతురుకి పాడవుతుంది కాబట్టి ప్రదర్శనలో బొమ్మలు మారుస్తుంటారు. కోరుకున్నది ఆ రోజు గోడ మీద ఉండకపోవచ్చు. ఆ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ సైట్ గాలికాలో ముందే పెద్దది చేసి చూసుకుని వెళ్తే నిరాశ తగ్గుతుంది.

రెండో రోజు ఉంటే పారిస్ బయటి వో-ల-వికోంత్ కోటకి వెళ్లండి. దాన్ని కట్టించిన ఆర్థికమంత్రి ఫూకేని నాంతెయ్ 1661లో చెక్కాడు. అదే ఏడాది సెప్టెంబరులో రాజు అతన్ని అరెస్టు చేయించాడు. రైలు దిగాక షటిల్ బస్సు వేళలు చూసుకోకపోతే ట్యాక్సీకి జేబు ఖాళీ.

బస గార్ దు నోర్ రైల్వే స్టేషన్ వైపు చవక. మేం దిగిన చోట లిఫ్టు లేదు, మెట్లు సూట్‌కేసు పట్టనంత ఇరుకు, రిసెప్షన్‌లో పలికే నాథుడు లేడు. అయినా లా షపెల్ పేట నడక దూరమే, అక్కడి తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి కాబట్టి సర్దుకుపోయాం.

ఇలాంటి అచ్చుబొమ్మలు కొనుక్కోవాలంటే లూవ్ర్ మ్యూజియం వాళ్ల కాల్కోగ్రఫీ, అంటే రాగిరేకు అచ్చుల విభాగం, ఉంది. 1797లో పెట్టిన ఆ సంస్థ పాత రేకులతోనే ఇప్పటికీ అచ్చు తీయిస్తుంది. పోస్టుకార్డుకన్నా ఖరీదెక్కువే, కానీ కాగితం మీద రేకు అంచు నొక్కుడు వేలికి తగులుతుంది. మడత పడకుండా అట్ట గొట్టం అడిగి తీసుకోండి.