కొత్త చెక్క వాసనకు ఎక్కువ డబ్బు పెట్టకండి: లివర్‌మోర్ చిన్న వైనరీల ఓక్ వైన్లపై సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో మగ్గిన ఎర్ర వైన్ కొనడానికి చిన్న వైనరీకి, అంటే వైన్ తయారుచేసే చోటికి, మించింది లేదు. కానీ అక్కడ రుచి చూపించేటప్పుడు "హండ్రెడ్ పర్సెంట్ న్యూ ఓక్" (మొత్తం కొత్త పీపాల్లోనే మగ్గింది) అని ప్రత్యేకంగా పోసే ఖరీదైన సీసా కంటే, బల్ల మీద రెండోదో మూడోదో వచ్చే మామూలు సీసానే మా ఇంట్లో తొందరగా ఖాళీ అవుతుంది. కొన్నేళ్లుగా కొంటూ, దాచుకుంటూ, తాగుతూ వచ్చాక కూడా ఈ లెక్క మారలేదు.

మేముండేది కాలిఫోర్నియాలో, మౌంటెన్ హౌస్‌లో. ఆల్టమాంట్ కొండ దాటి దిగితే లివర్‌మోర్. బే ఏరియా తెలుగువాళ్లకు ఆ ఊరంటే శివ-విష్ణు ఆలయం. ఊరికి అటువైపు టెస్లా రోడ్డు చుట్టూ ద్రాక్షతోటలున్నాయన్న సంగతి ఏళ్ల తరబడి గుడికి వచ్చేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. (గుడికెళ్లిన రోజు మేం వైన్ జోలికి పోం, అది వేరే సంగతి.) అక్కడ వెంటీ, కాంకానన్ కుటుంబాలు 1883లోనే వైన్ చేయడం మొదలుపెట్టాయి. పెటీట్ సిరా అనే ద్రాక్షను దాని పేరుతోనే సీసాకెక్కించిన మొదటి వైనరీ కాంకాననే, అది 1961 పంట. ఇప్పుడవి పెద్ద సంస్థలు. నేను చెప్పేది వాటి చుట్టూ ఉన్న చిన్నవాటి గురించి. వాటిలో చాలాచోట్ల వైన్ చేసేవాడే నేల కడుగుతాడు, ఆదివారం కౌంటర్ దగ్గర నిలబడి మనకు గ్లాసులో పోసేదీ అతనే.

ఈ లోయకు పగలు ఎండ గట్టిగా ఉంటుంది, సాయంత్రానికి సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తుంది. నేలలో గులకరాళ్లు ఎక్కువ. కాబర్నే, పెటీట్ సిరా ద్రాక్షలు బాగా పండుతాయి. పండు గట్టిదైతే వైన్‌లో వగరు కూడా గట్టిగానే ఉంటుంది, ఆ వగరును దారికి తెచ్చేది పీపా.

ఓక్ అనగానే చాలామంది దాన్ని వాసన కోసం వేసే దినుసులాగే చూస్తారు. అది సగం నిజం. చెక్క గుండా లోపలికి చాలా సన్నగా గాలి చేరుతూ ఉంటుంది. నెలల తరబడి అలా జరిగితే వగరు మెత్తబడుతుంది, రంగు నిలబడుతుంది. ఈ పని కొత్త పీపా చేస్తుంది, పాత పీపా కూడా చేస్తుంది. వాసన, రుచి మాత్రం ఎక్కువగా మొదటి వాడకంలోనే దిగిపోతాయి. మూడు నాలుగు పంటలు పోశాక పీపాలో చెక్క రుచి దాదాపు ఉండదు, దాన్నే వాళ్లు "న్యూట్రల్" అంటారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూమ్‌లో సగం మాటలు వాటంతటవే అర్థమవుతాయి.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది ఒక చిన్న వైనరీ పీపాల గదిలో. జనం లేని రోజు వెళ్తే యజమాని లోపలికి తీసుకెళ్లాడు. తడి చెక్క వాసన, దాని కింద కొద్దిగా పులిసిన వాసన. ఒక పీపా మీద సిలికాన్ బిరడా తీసి, గాజు గొట్టం దించి, బొటనవేలితో పై కన్నం మూసి పైకి లాగి మా గ్లాసుల్లోకి వదిలాడు. తర్వాత పక్క వరసలో ఇంకో పీపా నుంచి మళ్లీ అలాగే. రెండింట్లోనూ ఒకే తోట, ఒకే రోజు కోసిన పెటీట్ సిరా. మొదటిది కొత్త ఫ్రెంచ్ పీపా: ముక్కు దగ్గరికి తేగానే లవంగం, కాల్చిన బాదం, వనిల్లా, పండు వాటి వెనక ఎక్కడో ఉంది. రెండోది చాలా పంటలు చూసిన పీపా: నేరేడు, మిరియం, కాస్త మట్టివాసన. మొదటిది తాగగానే మా ఆవిడా నేనూ ఇద్దరం "అబ్బ!" అన్నాం. కానీ గ్లాసులో మిగిలింది పూర్తి చేసింది రెండోదే. ఆయన నవ్వి, సీసాలోకి ఎక్కించేముందు రెండూ కలుపుతానని, కొత్తది నాలుగో వంతు దాటనివ్వనని చెప్పాడు.

లవంగం వాసన అన్నది కవిత్వం కాదు. లవంగంలో ఉండే యూజినాల్ ఓక్ చెక్కలోనూ ఉంటుంది. వనిల్లిన్ సంగతీ అంతే. కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్ల నుంచి వస్తుంది, అవి అమెరికన్ వైట్ ఓక్‌లో ఎక్కువ. పీపా చేసేటప్పుడు పలకలు వంగడానికి లోపల మంట పెడతారు. ఆ కాల్పు ఎక్కువైతే పొగ, కాఫీ వాసనలు వస్తాయి. మన ముక్కులు ఈ విషయంలో ముందే తయారై ఉంటాయి. పోపుల డబ్బా, బిర్యానీ మసాలా తెలిసినవాళ్లు ఏ క్లాసూ వినకుండా పీపా ఏ రకమో చెప్పగలరు. గుంటూరు నుంచి వచ్చిన మా బావకు అమెరికన్ ఓక్‌లో ముంచేసిన జిన్‌ఫాండెల్ అనే ఎర్ర వైన్ పోస్తే, వాసన చూసి, "ఇది వైనా, కొబ్బరి లౌజా?" అన్నాడు. అంతకంటే సూటిగా ఏ పత్రికా రాయలేదు.

ఫ్రెంచ్ ఓక్ ఎందుకంత ఖరీదంటే, దాన్ని రంపంతో ఇష్టమొచ్చినట్టు కోయకూడదు. నార వెంట చీల్చాలి, లేకపోతే కారుతుంది. దుంగలో చాలా భాగం వృథా. అమెరికన్ ఓక్‌లో రంధ్రాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి కాబట్టి కోసినా కారదు. అందుకే కొత్త ఫ్రెంచ్ పీపా వెయ్యి డాలర్లు దాటితే, అమెరికన్‌ది అందులో సగానికి అటూ ఇటూ దొరుకుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. మామూలుగా వాడే బోర్డో రకం పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. పీపా ఖర్చు సీసాకు మూడు నాలుగు డాలర్లు. అదే పీపాను నాలుగు పంటలకు వాడితే ఇంకా తక్కువ. కాలం, చోటు, ఆవిరైపోయిన వైన్‌ను మళ్లీ నింపే పని, అన్నీ కలిపినా "న్యూ ఓక్" మాట మీద సీసాకు ముప్పై నలభై డాలర్లు అదనంగా అడిగితే, మీరు చెల్లిస్తున్నది చెక్కకు కాదు. "రిజర్వ్" అన్న మాటా అంతే. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు సీసా మీద రిజర్వా అని ఉంటే కనీసం మూడేళ్లు నిలవ ఉండాలి, అందులో ఒక ఏడాదైనా పీపాలో ఉండాలని చట్టం. అమెరికాలో ఆ మాటకు చట్టంలో అర్థమే లేదు. ఎవరైనా ఏ సీసా మీదైనా వేసుకోవచ్చు.

ఇంట్లో నేను వైన్‌ను పరీక్షించే పద్ధతి ఒకటే. కొన్న వెంటనే ఒక సీసా తీస్తాం. మొదటి రోజు ఇద్దరం చెరో గ్లాసు. మిగిలింది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అరగంట ముందు బయటికి తీసి మళ్లీ తాగుతాం. మూడో రోజు కూడా కొంచెం ఉంచుతాం. పండులో సత్తువ ఉంటే రెండో రోజుకి వైన్ ఇంకా విచ్చుకుంటుంది, ఓక్ లోపలికి ఇంకిపోతుంది. సత్తువ లేకపోతే రెండో రోజుకే పండు వెళ్లిపోయి చెక్క పలక నాకినట్టు ఉంటుంది. రెండో రోజు పాసైన వైన్‌నే మళ్లీ కొంటాను. అయిదారేళ్లు దాచినవాటిలోనూ ఇదే చూశాను. కాలం గడిచేకొద్దీ పండు తగ్గుతుంది, ఓక్ అంత తొందరగా తగ్గదు. చిన్నప్పుడే ఓక్ ఎక్కువైన వైన్ పెద్దయ్యాక బాగుపడుతుందన్న మాట నమ్మొద్దు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కుపర్టినో పైన కొండ మీద రిడ్జ్ అనే వైనరీ వారి మాంటే బెల్లో వైన్ ఉంది. రిడ్జ్ చిన్న వైనరీ కిందకు రాదు, సీసా రెండు వందల డాలర్ల పైమాటే. అందులో వాడేది ప్రధానంగా కొత్త అమెరికన్ ఓక్. అయినా దాని 1971 వైన్ 1976లో ఫ్రెంచ్, కాలిఫోర్నియా వైన్లను పేర్లు దాచి పోల్చిన పారిస్ పోటీలో అయిదో స్థానంలో నిలిచింది, అవే వైన్లను 2006లో మళ్లీ రుచి చూస్తే మొదటి స్థానానికి వచ్చింది. అంటే గొడవ కొత్త ఓక్‌తో కాదు, దాన్ని మోయలేని పండుతో. ఏటేటా మోయగల పండు అందరి తోటల్లోనూ పండదు. ఆ సంగతి తెలిసి పీపా తగ్గించుకునేవాడే నా దృష్టిలో మంచి వైన్‌మేకర్.

ఇక తిండి. మన వంటకూ ఓక్ వైన్‌కూ పొత్తు అంత తేలిక కాదు. మిరపకారం వైన్‌లోని వగరునూ ఆల్కహాల్ మంటనూ ఎక్కువ చేసి చూపిస్తుంది. ఈ ప్రాంతపు ఎర్ర వైన్లలో ఆల్కహాల్ 14, 15 శాతం ఉంటుంది. కొత్త ఓక్ కాబర్నేతో గుంటూరు కారం వేసిన కోడి వేపుడు తింటే నోట్లో నిప్పు, పైన రంపపు పొట్టు. పులుసు కూరలతో ఇంకా ఘోరం, చింతపండు ముందు వైన్ చప్పబడిపోతుంది, ఓక్ ఒక్కటే మిగులుతుంది. పాత పీపాల్లో మగ్గిన జిన్‌ఫాండెల్‌నో, గ్రెనాష్‌నో కాస్త చల్లగా, ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచి తాగితే మటన్ ఫ్రైతోనూ, కారం తగ్గించిన దమ్ బిర్యానీతోనూ బ్రహ్మాండంగా కుదురుతుంది. కొత్త ఓక్ ఉన్నదాన్ని బొగ్గుల మీద కాల్చిన మాంసానికి దాచుకోండి. ఆ కాలిన వాసనా ఈ కాలిన వాసనా కలుస్తాయి. వెన్న వాసన వచ్చే ఓక్ షార్డొనే అనే తెల్ల వైన్ మాత్రం నాకు ఎక్కలేదు, పులావ్‌తో తప్ప. ఆ వెన్న ఓక్ నుంచి వచ్చేది కూడా కాదు, మాలిక్ ఆమ్లం మెత్తబడే రెండో పులియబెట్టే దశలో పుడుతుంది.

లోపాలకు వస్తే, చిన్న వైనరీల్లో ఒక సీసాకూ ఇంకో సీసాకూ తేడా ఎక్కువ. పాత పీపాలను శుభ్రంగా ఉంచడం కష్టం, చెక్కలో బ్రెటనోమైసెస్ అనే ఈస్ట్ చేరితే గుర్రాలశాల, బ్యాండేజీ వాసనలు వస్తాయి. కొంచెమైతే నాకు ఫరవాలేదు, మా ఆవిడ ఆ గ్లాసు ముట్టుకోదు. కార్క్ పాడై తడిసిన అట్టపెట్టె వాసన వచ్చే సీసాలూ అప్పుడప్పుడు తగులుతాయి. వాటిని తీసుకెళితే నేను వెళ్లిన చోట్ల మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

వైన్ క్లబ్బుల విషయంలో, అంటే సభ్యులకు వైనరీ ఎప్పటికప్పుడు సీసాలు ఇచ్చే ఏర్పాటు విషయంలో, మాత్రం జాగ్రత్త. ఒక వైనరీ క్లబ్బు వాళ్లు ఆగస్టు ఎండల్లో పెట్టె పంపించారు. మధ్యాహ్నమంతా గుమ్మం ముందు ఉన్న ఆ సీసాల్లో కొన్నింటి కార్కులు పైకి పొడుచుకొచ్చాయి. లోపలి వైన్‌కు ఉడికించిన రేగుపళ్ల వాసన. అడిగితే కొరియర్ వాళ్లతో తేల్చుకోమన్నారు. ఆ సభ్యత్వం రద్దు చేశాను. ఇప్పుడు ఉంచుకున్నది ఒక్క క్లబ్బే, అది మనమే వెళ్లి తెచ్చుకునేది. ఏ సీసాలు కావాలో మనం మార్చుకోవచ్చు, వేసవిలో పంపరు. చేరేముందు ఈ రెండూ అడగండి, ఇచ్చే డిస్కౌంట్ సంగతి తర్వాత. ఇంట్లో కూడా గ్యారేజీలో పెట్టొద్దు. మా వైపు వేసవిలో అక్కడ మనమే నిలబడలేం. 13 డిగ్రీల దగ్గర ఉంచే చిన్న వైన్ ఫ్రిజ్ కొనుక్కుంటే చాలు.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఓక్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఇంత దూరం రానక్కర్లేదు. బెంగళూరు దగ్గర నందిహిల్స్ గ్రోవర్ వారి లా రిజర్వ్ అనే వైన్ ఫ్రెంచ్ ఓక్‌లో ఏజ్ చేసింది. ఓక్ తగలని ఎర్ర వైన్ ఒకటి పక్కన పెట్టుకుని రెండూ కలిపి రుచి చూడండి. ఇక్కడి నుంచి ఎవరినైనా సీసాలు తెమ్మంటే, సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి రెండు లీటర్లేనని గుర్తుంచుకోండి.

వెళ్లదలచుకుంటే ఇవి చూసుకోండి. సెప్టెంబర్, అక్టోబర్ కోతల కాలం, అప్పుడు ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో వెళితే పీపాల గది చూపించే అవకాశం ఎక్కువ. చాలా చిన్న వైనరీలు శని, ఆదివారాలే తెరుస్తాయి, ముందు ఫోన్ చేయండి. టేస్టింగ్ ఫీజు ఇరవై, ముప్పై డాలర్లు ఉంటుంది, సీసా కొంటే కొందరు వదిలేస్తారు. బల్ల మీద పెట్టిన గిన్నె ఉమ్మడానికే. మనవాళ్లకు మొహమాటంగా ఉంటుంది గానీ, అయిదారు రకాలు వరసగా మింగితే నాలుగోదానికే నాలుక మొద్దుబారుతుంది, పైగా తిరిగి కారు నడపాలి. ఒకరు తాగకుండా ఉండడం ఇంకా మంచిది. కౌంటర్ దగ్గర అడగాల్సినది, "ఇందులో కొత్త పీపా ఎంత శాతం, ఎన్ని నెలలు?" తడుముకోకుండా చెప్పి, ఆ శాతం ఎందుకో కూడా చెప్పేవాళ్ల దగ్గర కొనండి. "బెస్ట్ ఫ్రెంచ్ ఓక్ సర్" అని ఊరుకుంటే, ఫీజు కట్టి పక్క వైనరీకి నడవండి.